విల్లివాక్కంలో 38 ఏళ్ల ఇల్లు: కొనేముందు తనిఖీలో బయటపడినవి, బయటపడనిది

చెన్నైలో పాత ఇళ్లను కొనేముందు తనిఖీ చేసి చెప్పడం నా పని. 2024 సెప్టెంబరులో ఒక సాయంత్రం ఫోను వచ్చింది. "సార్, విల్లివాక్కంలో ఒక పాత ఇల్లు చూశాం. రేపు అయిదు లక్షలు అడ్వాన్సు ఇస్తున్నాం. ఇచ్చాక మీరొకసారి వచ్చి చూడగలరా?" అని అడిగారు. "ఇవ్వకండి, నేను చూసేదాకా ఆగండి" అన్నాను. మూడు వారాలు ఆలస్యమైతే ఇల్లు చేజారుతుందని ఆయన భయం. చేజారితే ఇంకో ఇల్లు దొరుకుతుంది, అడ్వాన్సు ఇచ్చాక లోపం తెలిస్తే ఆ అయిదు లక్షల కోసమే కళ్లు మూసుకొని మిగిలిన కోటికి పైగా ఇచ్చేస్తారు అని చెప్పాను. అలా ఇచ్చేసినవారిని చాలామందిని చూశాను.

ఆయనది తిరుపతి దగ్గర ఊరు, అంబత్తూరు పారిశ్రామికవాడలో ఉద్యోగం. ఆయన భార్య లెక్కల టీచరు. పదకొండేళ్లుగా చెన్నైలో అద్దె ఇళ్లలో ఉన్నారు. పత్రాల విషయంలో ఎంతో జాగ్రత్తపడ్డారు. ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే ఈసీని ముప్పై ఏళ్లకు తీయించారు, పట్టా సరిచూసుకున్నారు, వకీలు చేత అభిప్రాయం రాయించుకున్నారు. ఆమె నాన్నగారు ఊరి నుంచి సిద్ధాంతిని వెంటబెట్టుకొని వచ్చి వాస్తు చూపించారు. బ్యాంకు తరఫు ఇంజనీరు కూడా వచ్చి వెళ్లారు. ఇంతమంది వచ్చి వెళ్లిన ఇంట్లో ఒక్కరూ స్లాబును తట్టి చూడలేదు.

"బ్యాంకువాళ్లు సరేనన్నారు కదండీ" అన్నారామె. ఈ మాట నాకు దాదాపు ప్రతి కేసులోనూ వినిపిస్తుంది. బ్యాంకు ఇంజనీరు చేసేది విలువ కట్టడం. ఆ స్థలం అర గ్రౌండు, అంటే 1,200 చదరపు అడుగులు. అడిగిన ధర కోటి 38 లక్షల్లో చాలా భాగం నేల విలువే. ఇల్లు నాసిగా ఉన్నా బ్యాంకు అప్పుకు నేల హామీగా ఉంటుంది. ఆ కప్పు కింద పడుకోవలసింది మాత్రం కొన్నవారే.

చట్టం కూడా కొనేవారి మీదే బరువు పెట్టింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, తనకు తెలిసి కొనేవారికి తెలియని పెద్ద లోపాన్ని అమ్మేవారు బయటపెట్టాలి. అయితే మామూలు జాగ్రత్తతో కొనేవారు కనిపెట్టగలిగిన లోపాలకు ఈ బాధ్యత వర్తించదు. పెచ్చులూడిన కప్పూ నెమ్మెక్కిన గోడా "మీరే చూసుకోవలసింది" అన్న వాదనకు సులభంగా లొంగుతాయి. నిర్మాణ లోపాలకు అయిదేళ్ల పాటు స్థిరాస్తి నియంత్రణకు వచ్చిన రెరా చట్టం ఇచ్చిన రక్షణ బిల్డరు మీద ఉంటుంది. ఒక కుటుంబం తన పాత ఇంటిని అమ్ముకుంటే అది పనికిరాదు. తమిళనాడులో 7 శాతం స్టాంపు డ్యూటీ, 2 శాతం రిజిస్ట్రేషను రుసుము కట్టి సంతకాలయ్యాక ఇంటి రోగాలన్నీ కొన్నవారివే.

నా ఫీజు 22,000 రూపాయలు, ల్యాబు ఖర్చు వేరు అని చెప్పి రెండు షరతులు పెట్టాను. ఇంటిని ఎండలో ఒకసారి, వాన పడ్డాక ఒకసారి చూస్తాను. అవసరమైన చోట కొద్దిగా ప్లాస్టరు కొట్టి చూడటానికి అమ్మేవారి నుంచి రాతపూర్వకంగా అనుమతి కావాలి. చెన్నైకి ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. వీరు ఆ ఇంటిని మొదట చూసింది మే నెలలో. మే నెలలో చెన్నైలో ఏ ఇల్లయినా పొడిగానే కనిపిస్తుంది.

వీధి నుంచి మొదలు

నేను ఇంటి తనిఖీని వీధి మలుపు దగ్గర నుంచే మొదలుపెడతాను. 1986లో కట్టిన ఆ ఇంటికి వీధిలో నుంచి అయిదు మెట్లు ఎక్కి వెళ్లేవారట. ఇప్పుడు గేటు దగ్గర ఒక మెట్టు దిగి ఆవరణలోకి వెళ్లాలి. పాత తారు గీకి తీయకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే రోడ్డు ఎదుగుతుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. నేను కొలిచిన రోజున ఇంటి గచ్చు రోడ్డు కన్నా ఎనిమిది అంగుళాలే ఎత్తులో ఉంది. ఆవరణ రోడ్డు కన్నా అయిదు అంగుళాలు పల్లంలో ఉంది.

వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర నిలబడి పది నిమిషాలు మాట్లాడాను. 2015 డిసెంబరు వరదలో గేటు దగ్గర మోకాలి లోతు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు ఇంచుమించు అంతే అని ఆయన చేయి పెట్టి చూపించారు. అమ్ముతున్న పెద్దాయనను అడిగితే కాస్త తటపటాయించి, మిచౌంగ్ అప్పుడు ఒక రాత్రి వరండా దాటి లోపలికి నీళ్లు వచ్చాయని ఒప్పుకున్నారు. మెట్ల కింద అల్మరాలో ఆ బురద గీత ఇంకా ఉంది.

రోడ్డు ఎత్తు సంగతి నివేదికలో "వరద ముప్పు" అన్న శీర్షిక కింద రాసి ముందుకు వెళ్లాను. అక్కడే ఆగి ఇంకొంచెం ఆలోచించవలసింది. ఆ సంగతి చివర చెబుతాను.

ఒక్క గదికే సీలింగు

ఇల్లు మొత్తం కొత్త రంగుతో మెరుస్తోంది. అమ్మకానికి పెట్టేముందు రంగు వేయించడంలో తప్పేమీ లేదు. కానీ ఇంట్లోకి అడుగుపెట్టగానే రంగు వాసన కింద ఇంకో వాసన తగిలింది. మూసిన బీరువాలో తడి దుప్పటి పెడితే వచ్చే వాసన అది. దాన్ని వెతుక్కుంటూ వెళితే కింది అంతస్తులో వెనక పడకగది వచ్చింది. ఇల్లంతా మామూలు కప్పే. ఆ ఒక్క గదికి మాత్రం కొత్తగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సీలింగు వేశారు. మేడ మీదికి వెళ్లి అడుగులు లెక్కపెట్టాను. సరిగ్గా ఆ గది మీదే స్నానాలగది ఉంది.

అమ్ముతున్న పెద్దాయన రైలు పెట్టెలు తయారుచేసే కోచ్ ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన తాతల నాడు నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చిన కుటుంబం. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, మేడను మాత్రం "మాడి" అంటారు. కింది అంతస్తును 1986లో దగ్గరుండి కట్టించుకున్నారు. పైఅంతస్తును 1997లో వేశారు.

"బాబాయిగారూ, ఈ గదికే సీలింగు ఎందుకు వేయించారు?" అని అడిగాను.

"మా అబ్బాయి వేయించాడు బాబూ. చూడటానికి బాగుంటుందని ఎవరో చెప్పారట."

"ఒక అడుగు మేర కోసి చూస్తాను. మళ్లీ అతికించి ఇచ్చే పూచీ నాది."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గుమ్మంలో నిలబడి ఉన్న ఆ టీచరు వైపూ, ఆమె చేయి పట్టుకున్న పాప వైపూ చూశారు. "కోయండి. వాళ్లు పడుకోవలసిన గది కదా" అన్నారు. అమ్మేవారు ఇలా అనడం నా ఉద్యోగ జీవితంలో చాలా అరుదు. ఆ మాట లేకపోతే ఈ కేసు లేదు.

సీలింగు బోర్డు కోయగానే కింద పరచిన టార్పాలిన్ మీద కాంక్రీటు పెచ్చులు రాలాయి. వాటిలో ఒకటి నా అరచేతి కన్నా పెద్దది. అంటే ఆ సీలింగు పైనుంచి ఊడిన పెచ్చులను చాలాకాలంగా మోస్తోంది. టార్చి వేసి చూస్తే స్లాబు అడుగున మూడు ఇనుప చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి. తుప్పు ఉల్లిపొరల్లా లేచి ఉంది. ఒక చువ్వను బ్రష్షుతో శుభ్రంగా రుద్ది వెర్నియర్‌తో కొలిచాను. 1986లో వేసింది 8 మి.మీ. చువ్వ, మిగిలింది 5.5 మి.మీ. వినడానికి రెండున్నర మిల్లీమీటర్లే తగ్గినట్టు ఉంటుంది. కానీ చువ్వ బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 8కి 5.5 అంటే అడ్డుకోతలో సగానికి పైగా పోయినట్టే.

తుప్పు పట్టిన ఇనుము తన అసలు పరిమాణానికి రెండు నుంచి ఆరు రెట్ల దాకా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కింది కాంక్రీటును తోసేస్తుంది, పెచ్చు ఊడుతుంది, ఊడిన చోటు నుంచి గాలీ తడీ ఇంకా లోపలికి వెళతాయి. అందుకే పెచ్చులూడిన చోట సిమెంటు పూసి రంగు వేస్తే రెండు వానాకాలాలు కూడా ఆగదు.

చువ్వల కింద కాంక్రీటు మందం 12 మి.మీ. మాత్రమే ఉంది. ఆనాటి ప్రమాణం ప్రకారం స్లాబుకు కనీసం 15 ఉండాలి. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన 2000 నాటి ఐఎస్ 456 ప్రకారం మామూలు పరిస్థితుల్లోనే 20. ఆ రోజుల్లో చువ్వల కింద ఎత్తు కోసం మేస్త్రులు కంకర రాళ్లు పెట్టేవారు. పోత పోసేటప్పుడు మనుషులు తొక్కితే అవి పక్కకు జరిగి చువ్వ అడుగుకు దిగిపోతుంది. ఆ కాలపు ఇళ్లలో ఇది మళ్లీ మళ్లీ చూస్తుంటాను.

ఉప్పా, గాలా?

అసలు నిర్ణయం ఇక్కడ ఉంది. తుప్పు పట్టిందని తెలిస్తే సరిపోదు, ఎందుకు పట్టిందో తెలియాలి. ఆ జవాబును బట్టే ఇల్లు బాగుచేయగలిగినదా, నేల ధరకే కొనవలసినదా అన్నది తేలుతుంది.

మంచి కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ. అదే లోపలి ఇనుమును కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఆ క్షారగుణాన్ని హరిస్తుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. కాంక్రీటును అప్పటికప్పుడు కొట్టి, ఆ తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, ఆరోగ్యంగా ఉన్న భాగం ముదురు గులాబీ రంగుకు మారుతుంది, చచ్చిన భాగం మారదు. హాలు మూలలో చల్లినప్పుడు పైన 9 మి.మీ. వదిలి మిగతాదంతా గులాబీ రంగుకు తిరిగింది. పడకగదిలో 35 మి.మీ. లోతు దాకా రంగే రాలేదు. పక్కన నిలబడి చూస్తున్న ఆ టీచరు నేను చెప్పకముందే "ఇక్కడ అయిపోయిందన్నమాట" అన్నారు.

రెండో కారణం ఉప్పు. ఇదే నన్ను భయపెట్టింది. ఎందుకంటే పెద్దాయన మాటల్లో, ఆ రోజుల్లో నీళ్లకు కటకటగా ఉండేదని, కాంక్రీటంతా బోరు నీళ్లతోనే కలిపారని చెప్పారు. చెన్నైలో చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పన. ఆ ఉప్పు కాంక్రీటులో మొదటిరోజే కలిసిపోయి ఉంటే రోగం ఒక గదిది కాదు, మొత్తం స్లాబుది. అలాంటి చోట చెడిన భాగం తీసి కొత్త మసాలా నింపితే ఆ అతుకు బాగానే ఉంటుంది. దాని అంచున ఉన్న పాత చువ్వ మాత్రం అంతకు ముందు కన్నా వేగంగా తుప్పు పడుతుంది. మూడేళ్లకు పక్క చదరం పెచ్చులూడుతుంది. ఎందరో యజమానులు ఇలా గది తర్వాత గది బాగుచేయిస్తూ డబ్బు పోసేశారు.

కాబట్టి హాలు, వంటగది, పడకగది స్లాబుల నుంచి చువ్వల లోతులో డ్రిల్లు పెట్టి తీసిన పొడిని ల్యాబుకు పంపాను. పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో మధ్యవర్తి కొనే ఆయనకు రోజూ ఫోను చేసి "ఇంకొకరు అడ్వాన్సుతో సిద్ధంగా ఉన్నారు" అని చెప్పాడు. ఆగమని నేను, ఇచ్చేయమని అతను. ఆయన ఆగారు.

ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీటులో క్లోరైడు ఘనపు మీటరుకు 0.6 కిలోలు దాటకూడదు. హాలులో 0.25, వంటగదిలో 0.3, పడకగదిలో 0.5 వచ్చింది. మూడూ హద్దు లోపలే. అంటే ఉప్పు ఇల్లంతా లేదు. హాలు చువ్వల మీద తీసిన విద్యుత్ పొటెన్షియల్ రీడింగులు మైనస్ 150 నుంచి 190 మిల్లీవోల్టుల మధ్య ఉన్నాయి. మైనస్ 200 దాటనంతవరకు తుప్పు లేదని తొంభై శాతం నమ్మవచ్చు. పడకగదిలో అవే మైనస్ 370 నుంచి 430. మైనస్ 350 దాటితే తుప్పు పడుతోందని అంతే గట్టిగా నమ్మాలి. రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. చాలామంది సుత్తి పరీక్ష ఒక్కటి చేసి "కాంక్రీటు గట్టిగా ఉంది" అని కాగితం ఇస్తారు. స్ప్రింగు సుత్తి పైపొర గట్టితనాన్ని కొలుస్తుంది. కార్బన్ డయాక్సైడు ఇంకిన పాత కాంక్రీటు పైపొర మామూలు కన్నా గట్టిపడుతుంది. కాబట్టి లోపల చువ్వ పోతున్న స్లాబు కూడా సుత్తి కింద మంచి అంకె చూపిస్తుంది. ఈ పడకగదిలో పెచ్చు ఊడని భాగం మీద కొట్టినప్పుడు హాలు కన్నా ఎక్కువ అంకె వచ్చింది. ఆ కాగితాన్ని నమ్మి ఎవరూ ఇల్లు కొనవద్దు.

అక్టోబరు 15న నగరమంతా భారీ వాన పడింది. 17న మళ్లీ వెళ్లాను. మేడపైన పెంకుల అతుకులు కొన్నిచోట్ల విడిపోయి, పిట్టగోడ పక్కన ఒక మూల చెమ్మ దిగుతోంది. పడకగది పైభాగం మాత్రం పొడిగానే ఉంది. అప్పుడు పైఅంతస్తు స్నానాలగది తూముకు బిరడా పెట్టి రెండు అంగుళాల నీళ్లు నిలిపాం. ఆరు గంటలు గడిచాక కింద కోసిన సీలింగు రంధ్రంలో నుంచి చుక్క పడింది. వానతో సంబంధం లేదు. స్నానాలగది నేలలో నీళ్లు దిగిపోయే నహానీ ట్రాపు అతుకులో నుంచి రోజూ స్నానం చేసిన నీళ్లు ఏళ్ల తరబడి ఆ స్లాబులోకి దిగుతున్నాయి. అప్పుడు పెద్దాయనకు గుర్తుకొచ్చింది: 2011లో పైన అద్దెకున్నవారు కింద గదిలో మరక పడుతోందని చెప్పారు, ఆయన సున్నం వేయించి ఊరుకున్నారు.

హాలు, గోడలు, తీగలు

హాలు స్లాబులో చువ్వలు బాగున్నా ఇంకో సంగతి ఉంది. 1997లో పైన వేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఒకటి కింద గోడ మీద రాలేదు. హాలు స్లాబు నడిమధ్యన కూర్చుంది. 1986 స్లాబును పోసేటప్పుడు దాని మీద అంత బరువు వస్తుందని ఎవరూ అనుకోలేదు. లేజరు ఉన్నా ఇలాంటి చోట నేను మేస్త్రులు మట్టం చూసే నీటి గొట్టమే వాడతాను. ఇంటివారు కళ్లారా చూడగలరు. 3.2 మీటర్ల నిడివిలో మధ్యన స్లాబు 16 మి.మీ. కిందికి కుంగి కనిపించింది. ప్రమాణం ప్రకారం నిడివిలో 250వ వంతు, అంటే 13 మి.మీ. లోపు ఉండాలి. ప్లాస్టరు మందంలో తేడాలు ఉండవచ్చు కనుక ఈ అంకెను వెంట్రుకవాసిగా తీసుకోకూడదు. అడుగున పగుళ్లు లేవు. ఆ గోడ తీసేసి తేలిక పలకల అడ్డం పెడితే చాలని రాశాను.

పడమటి గోడలో కిటికీ మూల నుంచి వాలుగా పోయిన ఒక పగులు ఆమె నాన్నగారిని బాగా కలవరపెట్టింది. "పునాది కుంగుతోంది, వదిలేద్దాం" అన్నారాయన. పగులు అంచును బ్లేడుతో గీకి చూపించాను. లోపల ఆకుపచ్చ సున్నం, దాని మీద నీలం, పైన ఇప్పటి తెలుపు. పగులు పడ్డాక మూడుసార్లు రంగు వేశారు, ఆకుపచ్చ వేసింది 1990ల్లో. దాని మీదుగా అతికించిన సన్నని గాజు పలక అయిదు వారాల తర్వాత, అంత వాన తర్వాత కూడా విరగలేదు. అయిదు వారాలు తీర్పుకు చాలవు, కానీ రంగుల పొరలూ గాజూ కలిపి చెబుతున్నది ఒకటే: ఎప్పుడో కదిలి ఆగిపోయిన గోడ.

తీగలన్నీ అల్యూమినియంవి, పింగాణీ ఫ్యూజులు, సగం ప్లగ్గులకు ఎర్తు లేదు. మొత్తం మార్చవలసిందే. ఇనుప నీటి గొట్టాలు లోపల తుప్పుతో పూడిపోయాయి. రెండు ద్వారబంధాలు చెదలు తిని డొల్లగా ఉన్నాయి. వీధి తలుపు టేకు కావడంతో చెక్కుచెదరలేదు.

బేరం

నేను కొనమనీ మానుకోమనీ చెప్పను. ఏది చెడింది, ఎందుకు చెడింది, బాగుచేయడానికి ఎంత అవుతుంది అన్నవి చెబుతాను. పడకగది స్లాబు పగలగొట్టి కొత్తగా పోసి పైన స్నానాలగది తిరిగి కట్టడానికి 3,80,000 రూపాయలు; హాలు మీది గోడ మార్చడానికి 60,000; తీగలకు 1,70,000; గొట్టాలకు 90,000; మేడకు 1,10,000. మొత్తం 8,10,000. పాత ఇంట్లో కొట్టాక బయటపడేవి తప్పక ఉంటాయి కనుక దాని మీద మరో 20 శాతం కలిపితే 9,72,000.

ఈ కాగితం పెద్దాయన ముందు పెట్టినప్పుడు ఆయన ముఖం మాడిపోయింది. "ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసిన ఇల్లు బాబూ. మా పిల్లల పెళ్లిళ్లు ఇక్కడే చేశాను" అన్నారు. నేను జవాబు చెప్పకుండా ఆ తుప్పు పెచ్చు ఆయన చేతిలో పెట్టాను. కోచ్ ఫ్యాక్టరీలో జీవితమంతా ఇనుముతో పనిచేసిన మనిషి. వేళ్లతో నలిపి చూశారు, పొడి అయింది. తర్వాత ఆయన కొడుకు ఫోనులో ఒప్పుకోకపోయినా ఆయనే ఒప్పించారు. కోటి 31 లక్షలకు ఖాయమైంది. అగ్రిమెంటులో అడ్వాన్సు తిరిగి ఇచ్చే షరతు కూడా రాయించాం.

2025 ఫిబ్రవరిలో పని మొదలైంది. పడకగది స్లాబు కొట్టేటప్పుడు హాలు స్లాబు కింద కూడా జాకీలు పెట్టించాను. మధ్య గోడ మీదుగా పైచువ్వలు రెండు గదులకూ కలిసి ఉంటాయి. ఒక పక్క కోస్తే రెండో పక్కకు పట్టు సడలుతుంది. మేస్త్రి అవసరం లేదన్నాడు, నేను వదల్లేదు. స్లాబు దిగాక లెక్కపెడితే 24 చువ్వల్లో 15 పాడైపోయాయి. నేను సగం అనుకున్నాను. ఆ ఒక్క పనికే 4,40,000 అయింది. తీసిపెట్టిన 20 శాతంలో నుంచి ఆ తేడా భరించారు.

నేను చూడనిది

2025 అక్టోబరులో, వానలు మొదలైన వారానికి ఇల్లు కొన్న ఆయన నుంచి ఫోను. కింది స్నానాలగది తూములో నుంచి మురుగునీరు పైకి పొంగి గదిలోకి వచ్చింది. వెంటనే వెళ్లాను.

అమ్మకానికి ముందు ఆవరణ అంతా కొత్త టైల్సు పరిచారు. మురుగు గొట్టం చాంబరు మూత వాటి కింద ఉండిపోయింది. తనిఖీ రోజున నేను అడిగాను. "ఎప్పుడూ ఇబ్బంది లేదు" అని పెద్దాయన అన్నారు. కొత్త టైల్సు పగలగొట్టించడం ఎందుకని ఊరుకున్నాను. రోడ్డు పెరిగిందని కొలిచింది నేనే. ఆవరణ రోడ్డు కన్నా పల్లంలో ఉందని రాసింది నేనే. వీధి మురుగు కాలువ వానకు నిండితే అందులోని నీటిమట్టం ఇంటి చాంబరు కన్నా పైకి లేస్తుంది, వెనక్కి తన్నుతుంది. ఆ రెండింటినీ కలిపి ఆలోచించకపోవడం నా తప్పు.

పెద్దాయనకు ఫోను చేశాను. ఆయన చెప్పింది విని కాసేపు మాట రాలేదు. "వానాకాలం రాగానే ఆ చాంబరు మూత తీసి పక్కన పెట్టేవాళ్లం బాబూ. పొంగితే ఆవరణలోనే పొంగి పోయేది, ఇంట్లోకి వచ్చేది కాదు." ఆయన దాచలేదు. ఆయన దృష్టిలో అది ఇబ్బందే కాదు, ఇంట్లో ఏటా చేసే పని. టైల్సు వేసినవారు ఆ మూతను కప్పేయడంతో నీటికి మిగిలిన దారి స్నానాలగదే అయింది.

టైల్సు తీయించి చాంబరు ఎత్తు పెంచి, వెనక్కి తన్నకుండా వాల్వు పెట్టించి, పైకి కనిపించేలా మూత బిగించాం. 68,000 అయింది. నా 22,000 ఫీజు వారికి తిరిగి ఇచ్చేశాను. వద్దన్నారు, కానీ తీసుకునేదాకా కదల్లేదు.

అప్పటి నుంచి నా నివేదిక మొదటి పేజీలో ధర, ఫొటోలు, కొలతలు ఏవీ ఉండవు. చూడలేకపోయినవి ఉంటాయి: కప్పేసిన చాంబర్లు, తాళం వేసిన గదులు, బీరువాలు అడ్డున్న గోడలు, ఎందుకు చూడలేకపోయానో, చూడాలంటే ఏమి పగలగొట్టాలో సహా. దానితోపాటు అమ్మేవారిని "ఏమైనా ఇబ్బంది ఉందా" అని అడగడం మానేశాను. "వానాకాలం రాగానే ఈ ఇంట్లో మీరు ఏమేమి చేస్తారు?" అని అడుగుతున్నాను. ఆ మధ్య అయనావరంలో ఒక పెద్దావిడ ఏమాత్రం ఆలోచించకుండా చెప్పారు: "మెట్ల కింద బకెట్టు పెడతాం నాయనా, పడమటి గది మంచం ఇటు జరుపుతాం." సంచి దించకుండా నేరుగా పడమటి గదికి వెళ్లాను.